మన ఫొటోను అడగకుండా ఫ్లెక్సీ మీద వేసుకున్నారు: కాపీరైటు ఎవరిది, నిలబెట్టుకోవడం ఎలా?

గోదావరి ఛాయ (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. కిందటి చలికాలంలో పాపికొండల దగ్గర, మంచు ఇంకా నీటి మీద నుంచి లేవని వేళ, నాటుపడవలో నిలబడి వల సర్దుకుంటున్న ఒక జాలరిని ఫొటో తీశాను. కుడివైపు కింది మూలలో నా పేరు వేసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఇప్పుడు ఆ ఫొటో ఒక టూరిస్టు ఏజెన్సీ వారి ఫ్లెక్సీల మీద, కరపత్రాల మీద, వారి ఫేస్‌బుక్ పేజీ కవర్ మీద దర్శనమిస్తోంది. నా పేరున్న మూలను కత్తిరించేసి, మిగిలిన చోట బుకింగ్ నంబరు వేసుకున్నారు. ఫోన్ చేసి అడిగితే, ఫొటో గూగుల్‌లో దొరికిందని, గూగుల్‌లో ఉన్నది అందరిదీ అని, అయినా అది నాదే అనడానికి రిజిస్ట్రేషన్ కాగితం ఏదైనా ఉంటే చూపించమని సమాధానం వచ్చింది.

అలాంటి కాగితం నా దగ్గర లేదు. కెమెరా నుంచి దించుకున్న రా ఫైలు (ఏ మార్పులూ చేయని అసలు చిత్రం) మాత్రం భద్రంగా ఉంది. అందులో పడవ కుడి అంచున సగం కనబడే నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి ఉంది. అది చూపును లాగేస్తోందని పోస్టు చేసే ముందే ఫ్రేములోంచి తీసేశాను కాబట్టి, ఫేస్‌బుక్ ప్రతిలో గానీ ఫ్లెక్సీలో గానీ అది కనబడదు. రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు ఉంటుందా, ఈ రా ఫైలు సాక్ష్యంగా నిలుస్తుందా, పరిహారం అడగడానికి దారి ఏమిటి అన్న విషయాలు తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

పాత నెగెటివ్ (తెనాలి)

మా నాన్నగారి కాలం నుంచి మాది స్టూడియో. డార్క్‌రూము రోజుల్లో ఈ తగాదాయే ఉండేది కాదు. నెగెటివ్ ఎవరి బీరువాలో ఉంటే ఫొటో వారిది. కస్టమరుకు ప్రింటు ఇచ్చేవాళ్లం, నెగెటివ్ ఇచ్చేవాళ్లం కాదు, మళ్లీ కాపీ కావాలంటే మా దగ్గరికే రావాలి. ఆ లెక్కన మీ రా ఫైలే మీ నెగెటివ్. అది చూపిస్తే సరిపోతుందని నా అభిప్రాయం. ఇది చట్టప్రకారం సరైనదేనా కాదా అన్నది ఇక్కడున్న వకీలు గారు చెప్పాలి.

కృష్ణాతీరం వకీలు (విజయవాడ)

గోదావరి ఛాయ గారూ, రిజిస్ట్రేషన్ కాగితం చూపించమన్నవారికి చట్టం తెలియదు, లేదా మీకు తెలియదని వారు అనుకుంటున్నారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ఫొటోను కళాకృతిగా గుర్తిస్తుంది. ఫొటో తీసిన వ్యక్తే దాని కర్త అని సెక్షన్ 2(డి) చెబుతుంది. షట్టరు నొక్కి చిత్రం కార్డు మీద పడిన క్షణంలోనే హక్కు పుడుతుంది, దానికి దరఖాస్తు గానీ రుసుము గానీ అక్కర్లేదు. దేశాలు పరస్పరం కాపీరైటును గుర్తించుకునే బెర్న్ ఒప్పందంలో భారతదేశం 1928 నుంచీ ఉంది కాబట్టి ఆ ఒప్పందంలోని ఇతర దేశాలలోనూ ఇదే రక్షణ దొరుకుతుంది. అరుగు మీద ఆరబెట్టిన వడియాలు దారిన పోయేవారందరికీ కనబడతాయి, అంతమాత్రాన అందరివీ అయిపోవు. గూగుల్‌లో కనబడే ఫొటో సంగతీ అంతే.

పాత నెగెటివ్ గారు చెప్పిన మాటకు వెనుక ఒక చరిత్ర ఉంది. 1957 చట్టానికి ముందు మన దేశంలో అమల్లో ఉన్నది 1914 నాటి చట్టం. అది 1911 నాటి బ్రిటిష్ చట్టాన్నే తీసుకొచ్చి ఇక్కడ నాటింది. దాని ప్రకారం నెగెటివ్ తయారైన సమయంలో దాని యజమాని ఎవరో వారినే కర్తగా భావించేవారు, హక్కు 50 ఏళ్లు ఉండేది. స్టూడియోలలో ఇప్పటికీ వినబడే ‘నెగెటివ్ ఎవరిదో ఫొటో వారిదే’ అన్న సూత్రం అప్పటిదే. ఇప్పుడు తీసిన మనిషిని చూస్తారు తప్ప నెగెటివ్ ఎవరి బీరువాలో ఉందో చూడరు. అయితే ఆయన చెప్పిన రెండో సంగతి నూటికి నూరుపాళ్లు నిజం: మీ రా ఫైలు చాలా బలమైన సాక్ష్యం. ఎదుటివారి ప్రతిలో లేని నీలం డ్రమ్ము మీ దగ్గర ఉండటమంటే, వారికి అందుబాటులో లేని వెడల్పు ఫ్రేము మీ దగ్గర ఉందని అర్థం. కోర్టులో ఇంతకన్నా తేలికగా అర్థమయ్యే సాక్ష్యం అరుదుగా దొరుకుతుంది.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ప్రచురించిన ప్రతి మీద కర్తగా ఒకరి పేరు కనబడుతూ ఉంటే, వేరుగా రుజువయ్యేదాకా ఆ వ్యక్తినే కర్తగా భావించాలని సెక్షన్ 55(2) చెబుతుంది. మీరు మూలలో పేరు వేసి పెట్టిన పాత ఫేస్‌బుక్ పోస్టు మీకు ఆ లాభాన్ని ఇస్తుంది. దాన్ని తొలగించకండి, సవరించకండి, ఆ తేదీ అలాగే ఉండనివ్వండి. ఇక ఆ పేరును కత్తిరించిన విషయానికి వస్తే, కర్త పేరు వంటి హక్కుల సమాచారాన్ని తెలిసి, అధికారం లేకుండా తొలగించడం 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65బి కింద విడిగా ఒక నేరం. రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. వాటర్‌మార్కు (ఫొటో మీద వేసుకునే పేరు) దొంగతనాన్ని ఆపదని చాలామంది పెదవి విరుస్తారు గానీ, దాన్ని చెరిపినవాడు ‘నాకు తెలియదు’ అనలేడు. నా దృష్టిలో దాని అసలు విలువ అదే.

ఓరుగల్లు క్యాండిడ్ (వరంగల్)

ఈ చర్చ చూశాక ధైర్యంగా ఒక మాట అడుగుతున్నాను. నేను పెళ్లిళ్లకు క్యాండిడ్ ఫొటోలు (పోజు పెట్టించకుండా తీసేవి) తీస్తాను. తీసిన మనిషే కర్త అయినప్పుడు, నేను తీసిన పెళ్లి ఫొటోల మీద హక్కు నాదే కదా. ఈ మధ్య ఒక పెళ్లికూతురు తరఫువారు మా పేజీలో పెట్టిన ఫొటోలు తీసేయమన్నారు. ఆ పైన అవే ఫొటోలను ఒక చీరల దుకాణానికి వాడుకోవడానికి ఇచ్చారు. కళ నాది, కష్టం నాది, పేరు మాత్రం దుకాణానిది. వారి మీద నేను చర్య తీసుకోవచ్చా?

కృష్ణాతీరం వకీలు (విజయవాడ)

మీకు నచ్చని జవాబే చెప్పవలసి వస్తోంది. కర్త, మొదటి హక్కుదారు అన్నవి చట్టంలో రెండు వేర్వేరు హోదాలు. సాధారణంగా కర్తే మొదటి హక్కుదారు. అయితే ఒకరు కోరి, డబ్బిచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ తీయించుకున్నవారే మొదటి హక్కుదారు అని సెక్షన్ 17(బి) చెబుతుంది. పెళ్లి, బారసాల, గృహప్రవేశం, కంపెనీ బ్రోషరు, అన్నిటికీ ఇదే సూత్రం. అడ్వాన్సు తీసుకుని రసీదు పుస్తకంలో తేదీ, మొత్తం మాత్రమే రాసుకుని పెళ్లికి వెళ్లిన ఫొటోగ్రాఫరు, ఆ ఫొటోలను తన పేజీలో పెట్టుకోవడానికి కూడా ఆ కుటుంబం అనుమతి అవసరమైన స్థితిలో ఉంటాడు. ఆ ఫొటోలను దుకాణానికి ఇచ్చే హక్కు పెళ్లివారికే ఉంది.

మీకు మిగిలేది సెక్షన్ 57 కింది నైతిక హక్కు. హక్కు ఎవరి చేతికి పోయినా, కర్తను నేనేనని చెప్పుకునే అధికారం, మీ ప్రతిష్ఠకు భంగం కలిగేలా చిత్రాన్ని వికృతం చేస్తే అడ్డుకునే అధికారం మీతోనే ఉంటాయి. దుకాణం వారు మీ ఫొటోను తమదిగానో వేరొకరిదిగానో చూపిస్తే మీరు అడగవచ్చు.

చట్టం వాడిన ‘వేరే ఒప్పందం లేనప్పుడు’ అన్న మాటలలోనే మీకు దారి ఉంది. బుకింగ్ ఫారం మీద నాలుగు వాక్యాలు చేర్చండి: ఫొటోల కాపీరైటు ఫొటోగ్రాఫరుదే, కుటుంబం తన సొంత అవసరాలకు వాటిని ఎన్ని ప్రతులైనా తీసుకోవచ్చు, పంచుకోవచ్చు, వ్యాపార ప్రకటనలకు ఇవ్వాలంటే ఫొటోగ్రాఫరు రాతపూర్వక అనుమతి కావాలి, ఫొటోగ్రాఫరు తన పని నమూనాగా ఏయే ఫొటోలు చూపవచ్చో కుటుంబం ముందే ఎంచి చెబుతుంది. రెండు పక్షాలూ సంతకం చేయాలి. ఈ నాలుగో వాక్యాన్ని మాత్రం చిన్నచూపు చూడకండి. కాపీరైటు మీదైనా ఆ ముఖం వారిది. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన తరువాత, ఒక పెళ్లికూతురు తన ఫొటో తీసేయమని అడిగినప్పుడు కాపీరైటు పేరు చెప్పి నిరాకరించే ఫొటోగ్రాఫరు పక్షాన నేనైతే వాదించను.

ఓరుగల్లు క్యాండిడ్ (వరంగల్)

ఇంకొక చిక్కు కూడా ఉంది. ముహూర్తాల రోజుల్లో పెద్ద స్టూడియోలు మమ్మల్ని రోజుకింత అని పిలుస్తాయి. కార్డులు వారే తీసుకుంటారు, కరిజ్మా ఆల్బమ్ (పెళ్లి ఫొటోల అచ్చు పుస్తకం) మీద స్టూడియో పేరే వేస్తారు. అక్కడ నా స్థానం ఏమిటి?

కృష్ణాతీరం వకీలు (విజయవాడ)

మీరు స్టూడియోలో జీతానికి పనిచేసే ఉద్యోగి అయితే సెక్షన్ 17(సి) ప్రకారం హక్కు యజమానికి పోతుంది. రోజు కూలికి వెళ్లేవారు ఆ కోవలోకి రారని వాదించవచ్చు, కానీ స్టూడియో మిమ్మల్ని డబ్బిచ్చి పిలిచింది కాబట్టి 17(బి) మీకు మళ్లీ అడ్డు వస్తుంది. ఆచరణలో స్టూడియోతో కాగితం మీద మాట్లాడుకోవడమే మేలు. కనీసం మీ పని నమూనాలుగా చూపుకునే అనుమతి రాయించుకోండి.

మండల విలేకరి (నల్లగొండ)

పత్రికలకు ఫొటోలు పంపేవారి పరిస్థితి కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. నేను కంట్రిబ్యూటరును, జీతం లేదు, వార్తకు ఇంత అని లైన్ అకౌంటు. మేడారం జాతరలో గద్దెల దగ్గర నేను తీసిన ఫొటో ఒకటి పత్రికలో పడింది. తరువాత ఒక క్యాలెండరు వారు దాన్ని వేసుకున్నారు. పత్రికవారిని అడిగి తీసుకున్నామన్నారు. పత్రికకు పంపిన ఫొటోను వారు మరొకరికి ఇవ్వవచ్చా?

కృష్ణాతీరం వకీలు (విజయవాడ)

పత్రికలో ఉద్యోగిగా ఉన్నవారి విషయంలో చట్టం కొంత ఉదారంగానే ఉంది. సెక్షన్ 17(ఎ) ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, పత్రిక యజమాని హక్కు పత్రికలలో ప్రచురించుకునే మేరకే ఉంటుంది. మిగిలిన అన్ని విషయాలలోనూ మొదటి హక్కుదారు ఫొటో తీసినవారే. క్యాలెండరు పత్రిక కాదు. ఉద్యోగికే అంత హక్కు ఉన్నప్పుడు కంట్రిబ్యూటరు వాదన ఇంకా బలంగా ఉంటుంది, మీరు చేరేటప్పుడు సంతకం చేసిన పత్రంలో హక్కులన్నీ రాసిచ్చి ఉండకపోతే. ముందు ఆ పత్రం వెతికి తీసి చదవండి. హక్కు బదలాయింపు చెల్లాలంటే సెక్షన్ 19 ప్రకారం అది రాతలో, సంతకంతో ఉండాలి. అందులో కాలం చెప్పకపోతే 5 ఏళ్లు, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం మేరకు అని చట్టమే పూరిస్తుంది. వేరేగా రాసుకోకపోతే, హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వాడుకోకున్నా ఆ హక్కు పోతుంది. ఫొటో పోటీలకు పంపేవారు కూడా నిబంధనలలో ‘సర్వహక్కులూ నిర్వాహకులవే’ అన్న వాక్యం ఉందేమో చూసుకోవాలి. బహుమతి వచ్చిన ఒక్క ఫొటోకు అలా అడిగితే అర్థముంది గానీ, వచ్చిన ప్రతి ఫొటోకూ అడిగితే అది పోటీ పేరుతో ఉచితంగా ఫొటోలు సేకరించుకోవడమే.

ఫ్లెక్సీ ముద్రాపకుడు (ఏలూరు)

అందరూ ఫొటోగ్రాఫర్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు కాబట్టి మా వైపు మాట కూడా చెబుతాను. ఆర్డరిచ్చే పార్టీ సాయంత్రం వచ్చి, తెల్లారేసరికి ఫ్లెక్సీ కట్టాలంటుంది. వాట్సాప్‌లో ఒక ఫొటో పంపుతుంది. అది ఎవరిదో మా డిజైనరుకు ఎలా తెలుస్తుంది? ప్రతి ఫొటోకూ హక్కుల పత్రం అడిగితే పార్టీ పక్క షాపుకు పోతుంది. చదరపు అడుగుకు రూపాయల్లో బతికే మా మీద జైలు, జరిమానా అంటే ఎంతవరకు న్యాయం? అసలు వాడుకున్నది పార్టీ, మేము ముద్రించాం, అంతే.

కృష్ణాతీరం వకీలు (విజయవాడ)

మీ ఇబ్బంది నిజమే గానీ, ప్రతి తీయడం అనేది హక్కుదారుకే చెందిన పని కాబట్టి, ముద్రించినవారు కూడా ఉల్లంఘన చేసినట్టే అవుతుంది. అయితే ఫొటో మీద మరొకరి హక్కు ఉందని తెలియదని, అనుమానించడానికి సహేతుకమైన కారణమూ లేదని మీరు నిరూపించుకుంటే, సెక్షన్ 55 మినహాయింపు ప్రకారం మీ మీద నిషేధ ఉత్తర్వు, లాభంలో కోర్టు తగునన్న వాటా తప్ప నష్టపరిహారం పడదు. నేరంగా చూడటానికైతే తెలిసి చేసి ఉండాలి. మీ ఆర్డరు పుస్తకంలో ‘ఇచ్చిన ఫొటోలకు, రాతకు పూర్తి బాధ్యత మాదే’ అన్న ఒక వరస అచ్చు వేయించి పార్టీ సంతకం తీసుకోండి. ఫొటో మూలలో పేరు కనబడుతూ ఉండగా మీ డిజైనరే దాన్ని కత్తిరిస్తే మాత్రం ఆ వరస మిమ్మల్ని కాపాడదు.

పిక్సెల్ పంతులు (హైదరాబాద్)

చట్టం సంగతి వకీలు గారు చెబుతున్నారు కాబట్టి నేను ఫైళ్ల సంగతికి పరిమితమవుతాను. నికాన్, కెనాన్ వంటి కెమెరాలలో కాపీరైటు సమాచారం అని ఒక మెనూ ఉంటుంది. అందులో ఒకసారి పేరు నమోదు చేస్తే తీసిన ప్రతి ఫొటో ఎగ్జిఫ్‌లో (కెమెరా ఫైలులోనే దాచే వివరాలలో) ఆ పేరు కూర్చుంటుంది. కంప్యూటరులోకి దించేటప్పుడు లైట్‌రూమ్ వంటి సాఫ్ట్‌వేరులో ఐపీటీసీ గడులు (ఫైలులోనే వివరాలు రాసుకునే చోట్లు) ఉంటాయి. కర్త, కాపీరైటు ప్రకటన, అనుమతికి సంప్రదించవలసిన చిరునామా అన్న మూడు గడులను ఒక ప్రీసెట్‌గా (ముందే నింపిన నమూనాగా) పెట్టుకుంటే ప్రతిసారీ నింపే పని తప్పుతుంది. ఇవి కంటికి కనబడవు, ఫైలుతో ప్రయాణిస్తాయి. అయితే వాట్సాప్‌లో ఫొటోగా పంపితే చిత్రం కుదించుకుపోవడంతో పాటు ఈ సమాచారమూ రాలిపోతుంది. అదే ఫైలును డాక్యుమెంటుగా పంపితే చెక్కుచెదరకుండా వెళుతుంది. కాబట్టి కస్టమరుకు, పత్రికకు పంపేటప్పుడు డాక్యుమెంటుగానే పంపడం అలవాటు చేసుకోవాలి.

ఫేస్‌బుక్‌లోకి పూర్తి సైజు ఫైలు ఎందుకు ఎక్కించాలో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఫోనులో చూడటానికి పొడవు వైపు 1200 పిక్సెళ్లు చాలు. అంత చిన్న ఫైలును ఇరవై అడుగుల ఫ్లెక్సీకి సాగదీస్తే జాలరి ముఖం గడులు గడులుగా కనబడుతుంది. దొంగిలించినా పనికిరాదు, పనికిరాని ఫ్లెక్సీయే అది ఎక్కడి నుంచి తీసుకున్నదో చెప్పేస్తుంది. ఫొటోను పెట్టి వెతికే గూగుల్ లెన్స్‌లోనూ టిన్‌ఐలోనూ అప్పుడప్పుడు మీ మంచి ఫొటోలను వెతికి చూసుకోండి. టిన్‌ఐలో పాత ప్రతులను ముందు చూపించమనే ఏర్పాటు ఉంది, మీ ఫొటో మొదట ఎక్కడ కనబడిందో తేల్చడానికి అది పనికొస్తుంది.

సాక్ష్యం విషయంలో ఒక మాట. ఫ్లెక్సీ ఫొటో తీసేటప్పుడు అది ఏ వీధిలో ఉందో తెలిసేలా చుట్టుపక్కల దుకాణాల బోర్డులతో సహా దూరం నుంచి ఒకటి, ఫ్లెక్సీ అడుగున ముద్రాపకుల పేరు ఉంటుంది కాబట్టి దగ్గరి నుంచి ఒకటి తీయండి. వెబ్ పేజీ అయితే చిరునామా పట్టీ, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, ఆ పేజీ ప్రతిని, పాత వెబ్ పేజీలను దాచే సైటు అయిన వేబ్యాక్ మెషీన్‌లో కూడా భద్రపరచడానికి ప్రయత్నించండి. అన్నిటినీ ముగించాకే ఎదుటివారికి ఫోన్ చేయాలి, ఎందుకంటే ఫోన్ చేసిన పది నిమిషాలకు పేజీ ఖాళీ అవుతుంది.

కృష్ణాతీరం వకీలు (విజయవాడ)

దీనికి నేను ఒకటి జోడిస్తాను. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 ప్రకారం, స్క్రీన్‌షాట్లు, ఫైళ్ల ప్రతులు కోర్టులో దాఖలు చేసేటప్పుడు ఒక ధ్రువపత్రం జతచేయాలి. దాని నమూనాలో ఫైలు హాష్ విలువ రాయవలసి ఉంటుంది, మొదటి భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి. హాష్ అంటే ఫైలు వేలిముద్ర వంటి పొడవైన అంకె అక్షరాల వరుస, ఫైలులో ఒక చుక్క మారినా అది మారిపోతుంది.

పిక్సెల్ పంతులు (హైదరాబాద్)

విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతో ఎస్‌హెచ్ఏ-256 హాష్ ఎవరైనా తీసుకోవచ్చు. ముఖ్యమైన రా ఫైళ్ల హాష్‌లను ఒక ఈమెయిల్‌లో రాసి మీకు మీరే పంపుకుంటే, ఆ తేదీ నాటికి ఆ ఫైలు మీ దగ్గర ఉందనడానికి ఒక ఆధారం మిగులుతుంది.

కామన్స్ సభ్యుడు (తిరుపతి)

తెలుగు వికీపీడియా వ్యాసాల కోసం ఉచిత చిత్రాల భాండారమైన వికీమీడియా కామన్స్‌లో ఫొటోలు ఎక్కించేవారిలో నేనూ ఒకణ్ని. అక్కడి ఫొటోల మీద హక్కు ఉండదని అనుకోవడం ఈ తరహా గొడవల్లో తరచుగా కనబడుతుంది. సీసీ బై-ఎస్ఏ 4.0 అనే క్రియేటివ్ కామన్స్ ఉచిత లైసెన్సుతో ఎక్కించిన ఫొటో కాపీరైటు తీసినవారిదే. ఎవరైనా, వ్యాపారానికైనా వాడుకోవచ్చు, కానీ తీసినవారి పేరు, లైసెన్సు పేరు చెప్పాలి, మార్పులు చేస్తే చెప్పాలి, మార్చినదాన్ని అదే లైసెన్సుతో ఇవ్వాలి. పేరు వేయకపోతే లైసెన్సు రద్దయి అది మామూలు ఉల్లంఘన అవుతుంది. తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే లైసెన్సు తిరిగి వస్తుంది. ఒకసారి ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోలేమన్నది కూడా ఎక్కించేవారు గుర్తుంచుకోవాలి. అమ్ముకోదలచిన ఫొటోను అక్కడ పెట్టకండి.

డల్లాస్ తెలుగు

అమెరికాలో ఉండి గుడి ఉత్సవాలకు, తెలుగు సంఘాల వేడుకలకు ఫొటోలు తీస్తుంటాను. ఓరుగల్లు క్యాండిడ్ గారు ఆశ్చర్యపోతారేమో గానీ, ఇక్కడ సూత్రం తలకిందులు. స్వతంత్రంగా పనిచేసే ఫొటోగ్రాఫరు పెళ్లికి తీసిన ఫొటోల కాపీరైటు, రాతపూర్వకంగా ఇచ్చేస్తే తప్ప, ఫొటోగ్రాఫరుదే. ఇండియా నుంచి ఫొటోగ్రాఫరును రప్పించుకుని, ఇక్కడ మరొకరితోనూ తీయించే కుటుంబాలు రెండు దేశాల పద్ధతులనూ కలిపి గందరగోళపడటం చూస్తున్నాను.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ అమెరికా కంపెనీలవి కాబట్టి, 1998 నాటి ఇక్కడి డిజిటల్ కాపీరైటు చట్టం (డీఎంసీఏ) కింద తొలగింపు నోటీసును ఇండియా నుంచి కూడా పంపవచ్చు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వారి సైట్లలోనే ఫారం ఉంటుంది. మీ అసలు పోస్టు లింకు, ఉల్లంఘన ఉన్న లింకు, సద్భావంతో ఫిర్యాదు చేస్తున్నానన్న ప్రకటన, మీ పేరు ఇవ్వాలి. అబద్ధపు ఫిర్యాదుకు బాధ్యత ఉంటుంది. ఎదుటివారు ప్రతినోటీసు ఇస్తే, మీరు దావా వేయకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో ఫొటో తిరిగి వచ్చేస్తుంది. అమెరికాలో ఎక్కువగా అమ్మకాలున్నవారు ఇక్కడి కాపీరైట్ ఆఫీసులో ఉల్లంఘనకు ముందే రిజిస్టరు చేసుకోవడం లాభసాటి, ఎందుకంటే సాధారణంగా అలా చేసినవారికే చట్టం నిర్ణయించిన పరిహారం, వకీలు ఖర్చులు అడిగే వీలుంటుంది. ప్రచురించిన ఫొటోలు 750 దాకా ఒకే దరఖాస్తులో చేర్చవచ్చు.

గోదావరి ఛాయ (రాజమహేంద్రవరం)

అందరికీ కృతజ్ఞతలు. ఫేస్‌బుక్ కవర్ గురించి ఫిర్యాదు పెట్టాను, అది తొలగిపోయింది. ఫ్లెక్సీలు మాత్రం అలాగే ఉన్నాయి. ఏజెన్సీకి నోటీసు ఇలా రాద్దామనుకుంటున్నాను: ‘పలానా ఫొటోకు నేను కర్తను, హక్కుదారును. నా అనుమతి లేకుండా, నా పేరు తొలగించి మీరు దాన్ని ప్రకటనలకు వాడారు. ఈ లేఖ అందిన వారం లోపల ఫ్లెక్సీలు, కరపత్రాలు తొలగించి, వాడినందుకు రుసుము చెల్లించండి. లేకపోతే మూడేళ్లు జైలుకు పంపుతాను.’ రుసుము ఎంత అడగాలో కూడా చెప్పండి. ఇప్పుడైనా రిజిస్టరు చేయించాలా?

కృష్ణాతీరం వకీలు (విజయవాడ)

చివరి వాక్యం తీసేయండి. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్న మాట నిజమే. అది పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన, బెయిలుకు హక్కు లేని నేరమని 2022 మేలో నిట్ ప్రో ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ జైలుకు పంపేది మీరు కాదు. పైగా ఆధారం లేని బెదిరింపుల మీద ఎదుటివారే కోర్టుకు వెళ్లే వీలు సెక్షన్ 60 కల్పిస్తోంది. మీకు ఆధారం ఉన్నప్పుడు బెదిరింపు అవసరమే లేదు. ‘చట్టప్రకారం నాకున్న పరిహారాలన్నిటినీ కోరతాను’ అని రాస్తే సరిపోతుంది. రా ఫైలు ఫ్రేమునూ ఫ్లెక్సీ ఫొటోనూ పక్కపక్కన పెట్టి ప్రింటు తీసి జతచేయండి, నీలం డ్రమ్ము చుట్టూ పెన్నుతో సున్నా చుట్టండి. స్పీడ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ పంపండి. వారు ఒప్పుకోకపోతే, మీరు నివసించే చోటి జిల్లా కోర్టులోనే దావా వేసే వెసులుబాటు సెక్షన్ 62 ఇస్తుంది. దానికి మూడేళ్ల గడువు ఉంది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, రిజిస్టరులోని వివరాలను ప్రాథమిక సాక్ష్యంగా స్వీకరించాలని సెక్షన్ 48 చెబుతుంది కాబట్టి, అమ్ముడుపోయే అవకాశమున్న కొద్ది ఫొటోలకు చేయించుకోండి. కళాకృతికి రుసుము 500 రూపాయలు, సరుకుల మీద వాడేదైతే 2000. దరఖాస్తు తరువాత అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు, ఆ తరువాత పరిశీలన. తీసిన ప్రతి ఫొటోకూ చేయించాలనుకోవడం డబ్బు దండగ.

పాత నెగెటివ్ (తెనాలి)

రుసుము సంగతి నేను చెబుతాను. మీరే ఒక టూరిస్టు ఏజెన్సీ కోసం ఒక రోజు పాపికొండలు వెళ్లి ఫొటో తీసి ఇస్తే ఎంత తీసుకుంటారో అది మొదటి లెక్క. దాని మీద పేరు తీసేసినందుకు, అడగనందుకు కొంత చేర్చండి. మీరు ఇదివరకు ఎవరికైనా ఫొటో ఇచ్చి బిల్లు రాసి ఉంటే ఆ బిల్లు జతచేయండి, కోర్టుకైనా బేరానికైనా అదే ఆధారం. నోటికొచ్చిన లక్షలు అడిగితే ఎదుటివాడు వకీలు దగ్గరికి పోతాడు, సబబైన మొత్తం అడిగితే జేబులో చెయ్యి పెడతాడు.

కొల్లేటి గూడబాతు (కైకలూరు)

ఒక సందేహం. ఆ జాలరి మాటేమిటి? ఫొటో మీద హక్కు గోదావరి ఛాయ గారిదే కావచ్చు. కానీ ఏజెన్సీ ప్రకటనకు వాడుకున్నది ఆయన రూపాన్ని కదా. రుసుము వస్తే ఆయనకు ఏమీ దక్కదా?

గోదావరి ఛాయ (రాజమహేంద్రవరం)

ఆ ఫొటోలో ఆయన వెలుతురుకు ఎదురుగా నీడలా ఉన్నారు, ముఖం గుర్తుపట్టలేం. అయినా మీరు అడిగింది సబబే. ఆయన ఊరు తెలుసు. ప్రకటనకు ఇచ్చే పక్షంలో ఆయనను అడిగి, వచ్చిన దానిలో వాటా ఇస్తాను.

కృష్ణాతీరం వకీలు (విజయవాడ)

గుర్తుపట్టగలిగే ముఖమైతే ప్రకటనకు వాడేముందు సంతకంతో అనుమతి తీసుకోవడం తప్పనిసరి అనుకోండి. అది కాపీరైటుతో సంబంధం లేని వేరే హక్కు, ఆ మనిషిది.

గోదావరి ఛాయ (రాజమహేంద్రవరం)

నోటీసు అందాక ఏజెన్సీ వారు ఫోన్ చేశారు. ఫ్లెక్సీలు కొత్తవి కావడంతో తీసేస్తే నష్టమని, నా పేరు స్టిక్కరుగా అంటించి, రుసుము ఇచ్చి, ఈ సీజను అయ్యేదాకా ఉంచుకుంటామని అంటున్నారు. ఒప్పుకోవచ్చా? ఒప్పుకుంటే మాటతో సరిపోతుందా?

కృష్ణాతీరం వకీలు (విజయవాడ)

ఒప్పుకోవడం మీ ఇష్టం, నేనైతే ఒప్పుకోమనే అంటాను. మాటతో మాత్రం వదిలేయకండి. సెక్షన్ 30 ప్రకారం లైసెన్సు రాతలో ఉండాలి. 2012 సవరణ తరువాత సంతకమే ఉండాలన్న పట్టింపు లేదు కాబట్టి ఈమెయిల్ కూడా పనిచేస్తుంది. ఇలా రాయండి: ‘ఈ లేఖకు జతచేసిన ఒక్క ఫొటోను, మీ ఏజెన్సీ ఫ్లెక్సీల మీదా కరపత్రాల మీదా మాత్రమే, ఉభయ గోదావరి, ఏలూరు, అల్లూరి సీతారామరాజు జిల్లాలలో, వచ్చే మార్చి 31 దాకా వాడుకోవడానికి అనుమతిస్తున్నాను. ఒక్కో ప్రతి మీద నా పేరు చదవగలిగే సైజులో ఉండాలి. కాపీరైటు నాదే. సామాజిక మాధ్యమాలకు, ఇతరులకు ఇవ్వడానికి ఈ అనుమతి వర్తించదు.’ రుసుము బ్యాంకు ఖాతాలోకి రానివ్వండి, బిల్లులో ‘ఫొటో వాడకపు రుసుము’ అని రాయండి, ‘ఫొటో అమ్మకం’ అని రాయకండి. డబ్బు పడిన తరువాతే ఆ ఈమెయిల్ పంపండి.